రెండు సీసాల నిద్ర

నిద్ర విషయంలో నా అంత మూర్ఖుడు మా వాడలో మరొకడు లేడు. ఇప్పుడు ఈ మాట రాస్తున్నాను గాని, మూడేళ్ల కిందటి వరకు నా అంత నిద్రపరుడు లేడని నేనే చాటింపు వేసుకుంటూ తిరిగాను. పొద్దున్నే చాయ్ బండి దగ్గర నా ఈడువాళ్లు నలుగురు చేరేవారు. రాత్రి రెండింటికే లేచి కూర్చున్నానని ఒకరు, నాలుగుసార్లు బయటికి పోయొచ్చానని ఒకరు, డాక్టరు రాసిన గోలీ మింగినా కన్ను అంటుకోలేదని ఇంకొకరు చెప్పుకుంటుంటే, నేను చాయ్ ఊదుకుంటూ నవ్వేవాణ్ణి.

"గోలీలు పోరగాండ్లు ఆడుకునేటియి. గవి మీరు మింగుతున్నరు," అనేవాణ్ణి. "నేను ఎనిమిదింటికి ఒరిగితే, మల్ల సూర్యుడు రెక్క పట్టి గుంజితేనే లేసుడు."

"నీకేందే, పుణ్యాత్మునివి," అనేవారు.

ఆ పుణ్యం మా సందు చివరి కల్లు దుకాణంలో రోజుకు రెండు సీసాల చొప్పున దొరుకుతున్నదని నేను చెప్పలేదు. దాచాలని కాదు, చెప్పవలసిన సంగతి అనిపించలేదు. మా లెక్కలో మందులు రెండే. ఒకటి డాక్టరు ఇచ్చేది, ఒకటి బ్రాందీ షాపులో ఇచ్చేది. కల్లు ఈ రెండింటిలోనూ చేరదు. అది చలువ. ఎండాకాలం నన్ను కన్న మా అవ్వే నాకు తాటాకు దొప్పలో కల్లు పోసి, కడుపు చల్లబడుతుందని తాగించేది. అవ్వ చేత్తో తాగిందాన్ని ఎవరైనా అనుమానిస్తారా?

నేను ముప్పై ఒక్క ఏళ్లు సాంచాల మీద బతికినవాణ్ణి. మరమగ్గాన్ని మా వైపు సాంచె అంటారు. అందులో ఎక్కువ ఏళ్లు రాత్రి పాళీయే చేశాను. పగలు కళ్ల మీద తడి తువ్వాల వేసుకుని, ఆ సాంచాల మోత వింటూనే నిద్రపోయేవాణ్ణి. చెవులు సగం పోయి, పోగు తెగితే కంటికి ఆనని రోజు వచ్చాక సేటు నన్ను ఇంట్లో కూర్చోమన్నాడు. కూర్చున్నాను. అదే సమస్య అయింది. రాత్రి పది కొట్టగానే ఒళ్లు డ్యూటీకి లేచేది. చెయ్యడానికి డ్యూటీ లేదు. తెల్లవార్లూ మంచం మీద కూర్చుని, లేని మగ్గాన్ని కాపలా కాసేవాణ్ణి. నిద్రపోవడం అన్న మాటను ఎవరు పుట్టించారో గాని అనుభవజ్ఞుడే. నా దగ్గర అది నిజంగానే పోయింది.

అప్పుడే దుకాణం అలవాటైంది. సాయంత్రం రెండు సీసాలు. ఇంటికొచ్చి రెండు ముద్దలు. మంచం మీద వాలితే బావిలో రాయి వేసినట్టే. నా భార్యకు మొదటి నెలలోనే ఆ నిద్ర నచ్చలేదు.

"గది కల్లు కాదయ్యా," అన్నది ఒకరోజు. "మా బాపు తాగితే పాడేటోడు. నువ్వు పాడుతలెవ్వు, పడుతున్నవ్."

"నీకు నా నిద్ర మీద కన్ను కుట్టింది," అన్నాను.

"కన్ను కాదు, చెవ్వు. నిన్న రాత్రి మూడుసార్లు పిలిచిన. పీనుగన్న పలుకునేమో గని నువ్వు పలుకవ్."

నేను దాన్ని మెచ్చుకోలుగా తీసుకుని మర్నాడు చాయ్ బండి దగ్గర చెప్పి నవ్వించాను.

ఇంకొక సూచన కూడా అందింది. జమ్మికుంటలో మా మేనల్లుడి పెళ్లికి పోయి రెండు రోజులున్నాం. రెండో రోజుకు చేతులు వణికాయి. చెమటలు పట్టాయి. అక్షింతలు వెయ్యబోతే పక్కాయన నెత్తి మీద పడ్డాయి. జ్వరమనుకున్నాను. ఊళ్లో బస్సు దిగి, సంచీ భార్య చేతికిచ్చి, నేరుగా దుకాణానికి పోయాను. అరగంటలో వణుకు మాయం. కల్లు జ్వరానికి కూడా పనిచేస్తుందని కనిపెట్టి, ఆ వారం నలుగురికి వైద్యం చెప్పాను. బతుకంతా నూలుపోగులు లెక్కపెట్టినవాణ్ణి, ఊరి చుట్టూ ఎన్ని తాటిచెట్లున్నాయో, దుకాణంలో ఎన్ని సీసాలు లేస్తున్నాయో లెక్కపెట్టలేదు.

ఆ రాత్రి గురించి నాకు తెలిసింది ఏమీ లేదు. నా నేరం అదే.

తెల్లారి ఏడింటికి ఎండ మొహం మీద పడితే కళ్లు తెరిచాను. నా భార్య గడప దగ్గర పక్కకు ఒరిగి పడి ఉంది. మూతి ఒక వైపుకు గుంజుకుపోయింది. కుడి చెయ్యి ఒంటి కింద ఎవరిదో వస్తువులా ఉంది. ఎడమ చేతిలో ఇత్తడి చెంబు. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి, నా వైపే చూస్తున్నాయి. బయటికి పోయి తిరిగొస్తూ పడిందని తర్వాత సైగలతో చెప్పింది. నోరు పెగలలేదు. చేతిలో ఉన్న చెంబుతో గచ్చు మీద కొట్టింది. పక్కింట్లో సాంచాలు నడుస్తుంటే వాళ్లకు వినపడే ఆశ లేదు. వినవలసినవాణ్ణి నేను ఒక్కణ్ణే. నా మంచానికి, ఆమెకు మధ్య నాలుగు అడుగులు.

కరీంనగర్ దవాఖానాలో డాక్టరు మొదట అడిగింది ఒకే మాట.

"ఎన్ని గంటలకు పడ్డది?"

"ఎరుక లేదు సార్."

"పక్కన ఎవరున్నరు?"

"నేనే ఉన్న."

ఆయన నా వైపు ఒకసారి చూసి కాగితం మీద రాసుకున్నాడు. తొలి గంటల్లో తెస్తే ఒక ఇంజెక్షన్ ఉండేదట. ఇప్పుడు సమయం దాటిందన్నాడు.

మధ్యాహ్నానికి మంచిర్యాల నుంచి మా బిడ్డ వచ్చింది. అక్కడ అంగన్‌వాడీలో పనిచేస్తుంది. తల్లిని చూసి ఏడ్చింది గాని నన్ను ఏమీ అనలేదు. మూడో రోజు సాయంత్రం వార్డులో నాకు మళ్లీ ఆ జమ్మికుంట జ్వరం పట్టుకుంది. నీళ్ల గ్లాసు పట్టుకుంటే సగం నేల తాగింది. పైకప్పు నిండా పడుగు పోగులు కనిపించాయి. రెండు తెగి వేలాడుతున్నాయి. ముడి వెయ్యడానికి బల్ల ఎక్కబోతుంటే నర్సు పట్టుకుని డాక్టరును పిలిచింది.

"ఏం తాగుతవు పెద్దాయనా?"

"ఏం తాగను సార్. కల్లే."

"ఎన్నేండ్ల సంది?"

"ఆరేండ్లు. నిద్ర కోసం."

ఆయనకు కోపం కూడా రాలేదు. అలసటగా చెప్పాడు. "గది కల్లు కాదు. నీళ్లు, సాక్రిన్, నిద్రమందు పొడి. ఆరేండ్ల సంది నువ్వు మింగింది గోలీలే. కాకపోతే ఎవరో నలిపి పోసిన్రు. ఒక్కసారే బంద్ పెడితే ఫిట్స్ వస్తయి, నేనిచ్చేదాంతోని జర జర తగ్గించుకుంట రావాలె."

చాయ్ బండి దగ్గర నేను చూసి నవ్విన ప్రతి మనిషీ గుర్తొచ్చాడు. వాళ్లు డాక్టరు చీటీతో ఒకటి మింగారు. నేను చీటీ లేకుండా ఎన్ని మింగానో ఆ పోసినవాడికి కూడా తెలియదు.

డాక్టరు పోయాక బిడ్డ నోరు విప్పింది. "బాపూ, ఇంటికి పోయినంక గా చెంబు చూడు. ఎన్ని సొట్టలున్నయో చూడు."

చూశాను. ఇక్కడ రాయలేను.

నా భార్యను ఇంటికి తెచ్చాం. కుడి పక్క పనిచెయ్యదు. మాట ముక్కలు ముక్కలుగా వస్తుంది. రెండు గంటలకొకసారి పక్క మార్చకపోతే ఒళ్లు పుండ్లు పడుతుందని చెప్పి పంపారు. పగలైనా, రాత్రైనా. బిడ్డ సెలవు ఉన్నన్ని రోజులు చేసింది. పోయే ముందు రోజు నా ఎదురుగా కూర్చుంది.

"అవ్వను తోల్కపోత అంటే రానంటుంది. ఇల్లిడిచి రాదట. నువ్వు లేస్తవని నేనెట్ల నమ్మాలె?"

"లేస్త బిడ్డా."

"గా రాత్రి లేవలే."

నేను ఫోను తీసి ఆమె చేతికిచ్చి, గంట పెట్టడం చూపించమన్నాను.

"ఒక్క నెల చూస్త," అన్నది. "ఒక్క పుండు కనబడ్డా, ఆమె ఒద్దన్నా ఇనను. ఎత్తుకొని పోత. నువ్వు ఈడనే ఉందువు, నీ నిద్రతోని."

ఆ నెల గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. డాక్టరిచ్చిన గోలీ మొదట ఒకటి, తర్వాత సగం, తర్వాత పావు. దానితో వచ్చేది నిద్ర కాదు, నిద్ర వాసన. పండుకుంటే కాళ్లలో చీమలు పాకినట్టుండేది. పక్కింట్లో సాంచె ఆగితే గుండె ఆగినట్టు లేచేవాణ్ణి. రాత్రి పదకొండు, ఒంటిగంట, మూడు, అయిదు. ఫోనులో గంట పెట్టుకుని, నా చెవుల మీద నమ్మకం లేక దాన్ని చొక్కా జేబులో వేసుకుని, ఛాతీ మీద వణుకుతుంటే లేచేవాణ్ణి. ఆమె భుజం కింద ఒక చెయ్యి, నడుము కింద ఒక చెయ్యి. పక్క మార్చి, వీపు వెనక దిండు పెట్టి, చర్మం ఎర్రబడిందేమోనని టార్చి వేసి చూసేవాణ్ణి. జీవితమంతా గుడ్డలో మచ్చలు వెతికిన కళ్లు చివరికి ఈ పనికి మిగిలాయి.

డాక్టరు చెప్పినవి కొన్ని చేశాను. పగలు ఒరగడం మానేశాను. పొద్దు తిరిగాక చాయ్ మానేశాను. రాత్రి నిద్ర రాకపోతే మంచం మీద పొర్లకుండా లేచి కుర్చీలో కూర్చోమన్నాడు. కూర్చున్నాను. చీకట్లో కూర్చుంటే గచ్చు మీద చెంబు మోత వినిపించేది. ఆ రాత్రి వినని చెవులే. ఇప్పుడు రోజూ వింటాయి.

ఇరవయ్యో రోజో, ఇరవై ఒకటో, మూడింటి పాళీ తప్పింది. ఫోను చార్జింగు అయిపోయింది. నాకు చాలా రోజుల తర్వాత మంచి నిద్ర పట్టింది, మంచి అనే మాట ఇక్కడ వాడవచ్చునా తెలియదు. అయిదున్నరకు లేచి టార్చి వేస్తే తుంటి మీద అరచేతి వెడల్పున ఎరుపు. బిడ్డకు చెప్పకుండా ఉండవచ్చు. మంచిర్యాలకు ఎరుపు కనపడదు. పొద్దున్నే ఫోను చేశాను.

"ఒక పాళీ తప్పిన బిడ్డా. తుంటి ఎర్రగైంది. పుండు కాలే."

ఎరుపు ఎంత వెడల్పో అడిగి తెలుసుకుంది. తర్వాత అన్నది, "నూనె రాయకు. గా పక్క మీద పండబెట్టకు. ఇంకో ఫోను కొనుక్కో." ఫోను పెట్టే ముందు, "వచ్చే నెల గూడ చూస్త," అన్నది.

రెండు రోజులకు ఎరుపు తగ్గింది. ఆ నెలే కాదు, తర్వాతి నెలలు కూడా గడిచాయి. ఇప్పుడు నాకు నిద్ర ముక్కలుగా వస్తుంది, గంటన్నర ముక్క, గంట ముక్క. అతికించి కప్పుకుంటాను. అక్కడక్కడ చలి పెడుతుంది.

కల్లు దుకాణం యజమాని పరామర్శకు వచ్చింది ఆ నెలల్లోనే. నాకంటే ఇరవై ఏళ్లు చిన్నవాడు. డజను అరటిపండ్లు, సంచీలో రెండు సీసాలు తెచ్చాడు.

"ఏం కాకా, గిట్ల గుంజుకపోయినవ్? నిద్ర లేదా? ఫికర్ చెయ్యకు. రెండు తాగి పండుకో."

"పండుకుంటే మీ చిన్నమ్మను ఎవరు పక్క మర్లేస్తరు తమ్మి?"

"ఒక్క రాత్రికేమైతది కాకా?"

ఒక్క రాత్రికి ఏమవుతుందో పక్క మంచం మీద పడుకుని ఉంది. అతను అటు చూడలేదు. నేనూ వాదించలేదు. అరటిపండ్లు తిరిగిచ్చాను. సీసాలు ఉంచుకున్నాను.

మా ఊరి పొలిమేరలో చెట్లెక్కే ముసలాయన ఇంకా ఒకడున్నాడు. నాలుగు తాటిచెట్లు గీస్తాడు. తెల్లారి ఆయన దగ్గర ఒక ముంతెడు చెట్టు కల్లు తెచ్చాను. మా ఇంటి ముందు అరుగు దుకాణానికి పోయే దారి మీదే ఉంటుంది. దాని మీద రెండు తెల్ల పింగాణీ పళ్లేలు పెట్టి, ఒకదాంట్లో ముసలాయన కల్లు, ఒకదాంట్లో దుకాణం కల్లు పోసి పక్కన కూర్చున్నాను. సాయంత్రానికి చెట్టు కల్లు నురగ కట్టి, చీమలు బారులు తీరి వచ్చాయి. దుకాణం పళ్లెం దగ్గరకు ఒక్క చీమ రాలేదు. దారి తప్పి వచ్చిన ఒకటి అంచు ఎక్కి, మీసం ముంచి, వెనక్కు తిరిగింది.

"గిదేంది కాకా?" అని దుకాణానికి పోతున్న ఇద్దరు సాంచాల పిలగాండ్లు ఆగారు.

"చీమలకు దావత్ ఇచ్చిన. గా పళ్లెం ముడుతలేవు. నాకన్న తెలివైనయి."

ఒకడు నవ్వాడు. ఇంకొకడు వంగి చాలాసేపు చూశాడు.

రోజూ అదే పని. సీసా కొనడానికి దుకాణానికి నేనే పోయేవాణ్ణి. పాత గిరాకీని, కాదనలేడు. వారం తిరిగేసరికి అరుగు దగ్గర ఆగేవాళ్లు పెరిగారు. యజమాని ఒకరోజు నలుగురి ముందే సీసా వెనక్కు లాక్కున్నాడు.

"నీకిక సీసా అమ్మను కాకా. నా కడుపు మీద కొడుతున్నవ్."

"నేనేమన్న అన్ననా తమ్మి? చీమలనడుగు."

సీసా అమ్మనన్న మాట నాకంటే వేగంగా వాడంతా తిరిగింది. దుకాణం మూతపడలేదు. మూతపడుతుందని నేను అనుకోనూ లేదు. ఏడెనిమిది మంది మానేశారు, వాళ్లలో ఇద్దరిని దవాఖానాకు నేనే వెంటబెట్టుకుపోయాను, ఒక్కసారే మానొద్దని చెప్పి. నాకు అమ్మకపోయినా ఇబ్బంది లేదు. ఆ వంగి చూసిన పిలగాడు ఇప్పుడు రోజూ ఒక సీసా కొనుక్కుని, దారిలో మా అరుగు మీద పోసి పోతాడు.

సాయంత్రం అయిదింటికి పక్క మార్చే వేళకు నా భార్య కిటికీ వైపు తిప్పమని ఎడమ చేత్తో చూపిస్తుంది. అక్కడి నుంచి అరుగు కనిపిస్తుంది. నిన్న చీమలను చాలాసేపు చూసింది. దుకాణం పళ్లెంలో సగమే ఉన్నట్టుంది, వంకర మూతితోనే నన్ను పిలిచింది.

"అయ్యా... గా పళ్లెంల... ఇంకింత పొయ్యి."

పోశాను.