పెళ్లికూతురికి పొగబండి చూపించిన వైనం

ఈ ఘోరం గురించి నేను చెప్పకపోయినా ఎవరో ఒకరు మీకు చెప్పే తీరతారు. డాలస్ చుట్టుపక్కల ఏ తెలుగు ఇంట్లో పేపర్ ప్లేట్లో పులిహోర పడినా, ఎవరో నా వంక తిరిగి, "ప్రభాకరం గారూ, ఆ రైలు సంగతి..." అని మొదలుపెడతారు. ఇన్నేళ్లలో ఆ కథకి కాళ్లూ చేతులూ కొమ్ములూ మొలిచాయి. పెళ్లికూతుర్ని రైలెక్కించి పంపేశానని ఒకరంటారు. పెళ్లే ఆగిపోయిందని ఇంకొకరంటారు. ఖండించి ఖండించి అలసిపోయాను. అసలు జరిగింది అంతకంటే అధ్వాన్నం కాబట్టి, అదేదో నేనే చెప్పేస్తే నా మానాన నన్ను వదిలేస్తారని చిన్న ఆశ.

అవి ఎనభైల తొలి రోజులు. డాలస్ పక్కనే ఇర్వింగ్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. నా భార్య కరుణ ఆసుపత్రిలో నర్సు. ఆమెతోపాటు పనిచేసే శాంతి ఒంగోలు అమ్మాయి. కరుణని వదినా అనీ, నన్ను అన్నయ్యా అనీ పిలిచేది. ఆ అమ్మాయికి పిస్కాటవే అనే ఊళ్లో మందుల కంపెనీలో పనిచేసే డేవిడ్ రాజుతో పెళ్లి కుదిరింది. ఒంగోలు నుంచి శాంతి తరఫు వాళ్లెవరికీ వీసా రాలేదు. అందుకని అన్నగా నిలబడి, పెళ్లికూతురి చెయ్యి పట్టుకుని చర్చిలోకి నడిపించే బాధ్యత నాకు అప్పగించారు. మనుషులన్నాక పొరపాట్లు చేస్తారు.

పెళ్లికి తమ మందిరం ఇస్తామన్న అమెరికన్ చర్చి మా ఇంటికి గంటకి పైగా డ్రైవ్. ఆ వారమంతా పూలు తేవడం నేనే, కేకు చెప్పడం నేనే, మగపెళ్లివారి కోసం ఎయిర్‌పోర్ట్‌కి తిరగడం నేనే. శుక్రవారం వచ్చేసరికి నిలబడే నిద్రపోయే విద్య పట్టుబడింది. కరుణ సంగతి మరీ ఘోరం. రాత్రి డ్యూటీ దిగి, స్నానం చేసి, తెల్ల పట్టుచీర కట్టుకుని నేరుగా కారెక్కింది.

సరిగ్గా ఆ శనివారం పొద్దున పేపర్లో చదివాను. ఏదో ఊరి పార్కులో, పిల్లలు ఎక్కి ఆడుకుంటుంటే తుప్పు పట్టిపోతున్న పాత ఆవిరి ఇంజన్ని కొందరు రైలు ప్రేమికులు బాగుచేశారట. అది ఆ రోజు మెయిన్ లైన్ మీద పూర్తి స్పీడుతో వెళుతుందట. ఆ లైను మేము పోయే హైవే పక్కనే. ఆ వేళ మేము పోయే వేళే.

చెప్పండి, నా తప్పా? మా నాన్న బిట్రగుంటలో గూడ్సు గార్డు. రైల్వే క్వార్టర్స్‌లో పుట్టినవాడికి పాలపొడి వాసన కన్నా బొగ్గు వాసన ముందు తెలుస్తుంది. లోకో భిన్న రుచిః అని పెద్దలు ఊరికే అనలేదు.

కారు హైవే ఎక్కాక నెమ్మదిగా విషయం కదిపాను. "కరుణా, దార్లో ఒక్క ఐదు నిమిషాలు ఆగుదామా?"

"బాత్రూమా?"

"కాదు. స్టీమ్ ఇంజన్."

కరుణ కళ్లు తెరవకుండానే అంది. "ఏవండీ, పెళ్లికూతుర్ని వెనకాల పెట్టుకుని ఆ మాట ఎలా అనగలిగారు?"

"చాలా టైముంది. ఫుల్ స్పీడ్‌లో వెళుతుంది. కన్ను మూసి తెరిచేలోపు అయిపోతుంది."

"అయితే కన్ను మూసుకునే ఉండండి. కారు నేను డ్రైవ్ చేస్తాను."

వెనక నుంచి శాంతి అడిగింది. "అన్నయ్యా, స్టీమ్ ఇంజన్ అంటే మన ఒంగోలు స్టేషన్లో రోజూ వచ్చేదేనా? దాన్ని చూడ్డానికి ఆగడం దేనికి? అది వస్తే మేం కిటికీలు మూసుకునేవాళ్లం."

"అది వేరమ్మా. అది స్టేషన్లో ఆగేది. ఇది ఆగదు. మెయిన్ లైన్ మీద ఉరుకుతుంది. జీవితంలో ఒక్కసారి చూడాలి."

"సరే అన్నయ్యా, చూద్దాం. కాసేపు గాలి పీల్చుకుంటాను."

గాలి పీల్చుకుంటానంది పిల్ల. ఆ మాటకి నేనేం పీల్పించానో ముందు ముందు మీరే చూస్తారు. పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుపోయాడని సామెత. నేను పిల్లికి బదులు పెళ్లికూతుర్నే చంకన పెట్టుకుని రైలు దగ్గరికి పోయాను.

రైల్వే గేటు దగ్గర అప్పటికే తిరునాళ్లలా ఉంది. మడత కుర్చీలు, కెమెరా స్టాండ్లు, ఐస్ పెట్టెలు. టోపీ నిండా ఇంజన్ బొమ్మల బిళ్లలు గుచ్చుకున్న ఒక ముసలాయన మావాళ్ల తెల్ల చీరల్ని ఎగాదిగా చూసి, ఇంగ్లీషులో మర్యాదగా చెప్పాడు. "గాలి ఇటువైపు కొడుతోంది. ఈ బట్టలతో ఇక్కడ నిలబడకండి. గేటు దాటి అవతల పక్కకి వెళ్లండి."

అవతల పక్క నుంచి తీస్తే సూర్యుడు నా మెడలో ఉన్న కెమెరాకి ఎదురవుతాడు. "పర్వాలేదండీ, నేను రైల్వే కుటుంబంలో పుట్టినవాణ్ని" అన్నాను. పుట్టుకతో గాలి దిశ మారుతుందని ఆ క్షణాన నాకెందుకనిపించిందో ఇప్పటికీ తెలియదు. "పొగ బాగా వస్తుందా?" అని కూడా అడిగాను.

"స్పీడ్‌లో ఉన్నప్పుడు పెద్దగా రాదు. బొగ్గు కాదు, నూనెతో నడిచే ఇంజన్. ఎవరైనా చెయ్యి ఊపి అడిగితే మాత్రం ఇంజన్లో మంట చూసుకునే ఫైర్‌మన్ సరదాకి కాస్త వదులుతాడు. కానీ ఇవాళ ఈ గాలికి..."

ఆ "కానీ" తర్వాత ఏముందో నేను వినలేదు. నా బతుకులో చాలా నష్టాలు "కానీ" తర్వాతి మాటలు వినకపోవడం వల్లే వచ్చాయి.

ముందు పట్టాలు సన్నగా కూశాయి. తర్వాత దూరంగా కూత. డీజిల్ ఇంజన్ హారన్ కాదు, గుండెలో నుంచి వచ్చే కూత. కుర్చీల్లోవాళ్లందరూ ఒక్కసారి లేచారు. ఎండలో చిన్న నల్ల చుక్క కనబడింది. చూస్తూండగానే అది పెరిగింది. మా నాన్న రైళ్లు ఆయాసపడుతూ, మూలుగుతూ వచ్చేవి. ఇది ఆయాసపడటం లేదు. చక్రాల పక్క కడ్డీలు తిరుగుతున్నట్టే లేవు, వెండి మరకలా కనిపిస్తున్నాయి. కాళ్ల కింద కంకర కదిలింది. వారం రోజుల అలసట ఎటు పోయిందో తెలియదు. నాకు మళ్లీ నిక్కరు వయసొచ్చింది. కరుణ కూడా కళ్లు పూర్తిగా తెరిచింది. శాంతి నోరు తెరిచి, "అమ్మో, అన్నయ్యా!" అంది.

అంతా బాగుంది. పొగ ఒక్కటే తక్కువ.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. నేను జేబులోంచి రుమాలు తీసి, పైకెత్తి, గాల్లో గుండ్రంగా తిప్పుతూ, "స్మోక్! స్మోక్!" అని కేకలు పెట్టాను. ఇంజన్ కిటికీలోంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. బొటనవేలు పైకి చూపించింది.

నిప్పు లేనిదే పొగ రాదంటారు గాని, ఆ క్షణాన నాకు ఒక్క నిప్పురవ్వ కూడా కనబడలేదు. పొగే వచ్చింది. నల్లగా, మందంగా, నా మీద నమ్మకంతో వచ్చింది. ముసలాయన "నో!" అన్నాడు. సూర్యుడు కనబడలేదు. కరుణ కనబడలేదు. చీకట్లో పెట్టెలు ధడధడమని పోతున్నాయి. మెత్తగా, జిడ్డుగా ఏదో ముఖం మీద వాలుతోంది.

పొగ విడిపోయాక చూస్తే రైలు లేదు. నా పక్కన ఇద్దరు బొగ్గుబస్తాల వ్యాపారులు నిలబడి ఉన్నారు. ఒకరు నా భార్య.

శాంతి తన చీర వంక చూసుకుంది. తెల్ల పట్టుచీర. ఎవరో వస్తుంటే వాళ్ల చేత వాళ్లమ్మ ఒంగోలు నుంచి పంపించిన చీర. దాని నిండా నల్ల మచ్చలు. కరుణ చప్పున దులపబోయింది.

"దులపకండి! నూనె మసి. పాకుతుంది!" అని ముసలాయన అరిచాడు.

అప్పటికే పాకింది. చిన్న మచ్చ అరచేయంత అయింది.

"అన్నయ్యా, ఇది పోతుందా?" శాంతి కుచ్చెళ్లు ఎత్తి చూపించింది.

"పోతుందమ్మా."

"ఎప్పటికి?"

నేను కారు తలుపు తీసి పట్టుకున్నాను. మిగిలిన దారంతా కరుణ నన్ను తిడితే బాగుండునని ఎంతో కోరుకున్నాను. ఆమె తిట్టలేదు. అంతటి కోపం అది. వెనక సీట్లోంచి ముక్కు చీదిన చప్పుడు వినబడినప్పుడల్లా, కన్నవాళ్లు దగ్గర లేని పిల్లని ఇలా తీసుకుపోతున్నానే అని ప్రాణం చచ్చిపోయింది.

చర్చి వెనక తలుపు దగ్గర పియానో వాయించే పెద్దావిడ, మిసెస్ హార్పర్, మమ్మల్ని చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది.

"అయ్యో తల్లీ! కారు తగలబడిందా?"

"లేదండీ, మా ఆయన..." అని కరుణ వాక్యం మధ్యలో ఆపేసింది. ఆవిడకి అర్థమైపోయింది. ఆవిడకీ ఒక భర్త ఉన్నాడు మరి.

మార్చుకోవడానికి ఇంకో చీర లేదు. శాంతి పెట్టె ఇర్వింగ్‌లోనే ఉంది. లోపల వాద్యం మొదలైపోయింది. మిసెస్ హార్పర్ ఒక అల్మారా తెరిచింది. నిండా గానబృందం తొడుక్కునే గౌన్లు. ముదురు ఎరుపు, మెడ చుట్టూ బంగారురంగు పట్టీ, చేతులు గాలిపటాల్లా వెడల్పు. శాంతి ముఖం సబ్బుతో తోమి, చీర మీద ఆ గౌను తొడిగి, నెత్తిన ముసుగు సర్దారు. ముసుగు ఒక్కటే తెల్లగా మిగిలింది, డబ్బాలో ఉంది కాబట్టి.

పెళ్లి చేయించే అయ్యగారు తొంగి చూసి, మెల్లగా అడిగారు. "ప్రభాకరం గారూ, ముఖం కడుక్కున్నారా?"

"కడుక్కున్నానండీ."

"ఓహో" అన్నారు. పాదిరి గనుక అంతకంటే ఏమీ అనలేకపోయారు. అద్దంలో చూసుకుంటే, కళ్లద్దాలున్న చోట రెండు తెల్ల చక్రాలు, మిగతాదంతా బూడిదరంగు. పట్టపగలు పెళ్లికొచ్చిన గుడ్లగూబలా ఉన్నాను.

శాంతి చెయ్యి పట్టుకుని నడిచాను. మందిరమంతా లేచి నిలబడింది. వాద్యాన్ని మించి ముందు వరసలోంచి డేవిడ్ రాజు పెదనాన్నగారి గొంతు ఖంగున మోగింది.

"పాటలు పాడే అమ్మాయి వచ్చేసింది బాగానే ఉంది. పెళ్లికూతురు ఇంకా రాలేదేంట్రా?"

శాంతి ముసుగులో ముఖం దాచుకుంది. ఏడుస్తోందనుకున్నాను. కాదు. ఆపుకోలేని నవ్వు. పక్కకి చేరగానే డేవిడ్ రాజు కంగారుగా గుసగుసలాడాడు.

"వాట్ హ్యాపెండ్? ఏమైంది?"

"రైలు."

"మైగాడ్! గుద్దిందా?"

"లేదు. చూశాం."

అతను నా ముఖం వంక చూశాడు. నా ముఖం వివరాలన్నీ తనే చెప్పేసింది. అతను మొదలెట్టిన నవ్వు పెదనాన్నగారి దాకా పాకింది. చివరికి అయ్యగారు గ్రంథం అడ్డం పెట్టుకుని దగ్గు నటించాల్సి వచ్చింది. పెళ్లి జరిగింది. నిక్షేపంలా జరిగింది. ఆగిపోయిందనేవాళ్లు దయచేసి గమనించాలి.

పెళ్లి ఫోటోలు ఒంగోలు వెళ్లాక నాకు నిద్ర పట్టలేదు. ఆ తల్లి ఏమనుకుంటుంది? ఒకనాడు ఫోన్ రానే వచ్చింది. శాంతి వాళ్లమ్మగారు. నేనే అందుకున్నాను.

"బాబూ, ఆ ఎర్ర గౌను సంగతి..."

"అమ్మా, నన్ను క్షమించాలి..."

"క్షమించడమేంటి బాబూ! దాని కొలతలు పంపించు. మా రెండోది పెళ్లికి తెల్లచీర కట్టుకోనని మొండికేసింది. అక్కలాగా అమెరికా గౌనే కావాలంట. పక్కింటివాళ్ల పిల్ల కూడా అదే పాట. ఇంతకీ ఆ ఫ్యాషన్ ఎవరు సెలెక్ట్ చేశారు?"

కరుణ ఫోన్ లాక్కుంది. "మా ఆయనే పిన్నిగారూ! రోడ్డు పక్కన నిలబడి, చెయ్యి ఊపి మరీ సెలెక్ట్ చేశారు!"

కాబట్టి సమస్త జనులారా, అలసిన ఈ ప్రాణి నిండు మనసుతో చేస్తున్న ప్రమాణం ఆలకించండి. నా కారులో పెళ్లికూతురు ఉండగా పట్టాల పక్కన కారు ఆపను. ఆపినా దిగను. దిగినా చెయ్యి ఊపను. ఊపినా, గాలి ఎటు కొడుతోందో చూసుకోకుండా మాత్రం చచ్చినా ఊపను.