పైన కట్టేశారమ్మా

ఊళ్లో వాల్వులు తిప్పి వీధి కుళాయిలకు నీళ్లు వదలడం ముప్పై ఏళ్లుగా ఆయన పని. వానలు మొదలైతే మాత్రం ఇంట్లో కాలు నిలవదు. సెలవు పెట్టి, ఒక్కడే మోటార్‌సైకిలేసుకుని కొండలెక్కడానికి పోతాడు. "రోజూ నీళ్లతో వేగేది చాలలేదా? మీకిదేం పోయేకాలమండీ!" అని భార్య ఈ ఏడూ తిట్టిపోసింది.

ఉదయం వాగు ఒడ్డున బండి నిలిపి, నడుంలోతు నీళ్లలో కర్ర ఊతంతో అవతలికి దాటాడు. మధ్యాహ్నం కొండ దిగి వచ్చేసరికి వాన కుండపోతగా కురుస్తూనే ఉంది. వాగులో మాత్రం నీళ్లు చీలమండలు దాటడం లేదు. బతికిపోయాంరా అనుకుని, బూట్లు మెడకు తగిలించుకుని దిగాడు.

నడిమధ్యకు వచ్చాక, పొద్దుటి హోరు లేదన్న సంగతి చెవికి తట్టింది. కుళాయి ఎందుకాగిందని అడిగిన ప్రతి ఇల్లాలికీ తాను చెప్పే మాటే గుర్తొచ్చింది: "పైన కట్టేశారమ్మా. వదిలితే ఒక్కసారే వస్తాయి, బిందె గట్టిగా పట్టుకోండి."

ఇక్కడ పైన మనుషులెవరూ లేరు. కొండచరియే విరిగి వాగుకు అడ్డం పడి ఉండాలి. బండి ఇంకా ఇరవై అడుగుల దూరంలో ఉంది. నీళ్లొచ్చే ముందు కుళాయి గాలి కక్కినట్టు, వాగు పైనుంచి చల్లగాలి బుస్సుమని ముఖాన కొట్టింది.