గోడ దాటని చప్పుడు

బహ్రెయిన్‌లోని ఉమ్మ్ అల్ హస్సామ్‌లో మా డక్టుల షాపుకు, పక్కింటికి మధ్య ఒకటే గోడ. ఏసీ గాలి వెళ్లే రేకు గొట్టాలను డక్టులంటారు. అవి తయారుచేసే చోట ఎన్ని రకాల చప్పుళ్లుంటాయో చేరిన మొదటి వారంలోనే నాకు విడివిడిగా తెలిసిపోయింది. రేకు కోసే మెషినుది ఒక్కటే దెబ్బ. గ్రైండరుది ఆగని కీచు. పెద్ద రేకు ఎత్తి బల్ల మీద వేస్తే ఉరిమినట్టుండేది. అన్నిటికంటే ఎక్కువ సేపు వినిపించేది సుత్తి. గొట్టం అంచులు మడతలో మడత పెట్టి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా కొట్టి బిగించాలి. రోజంతా అదే పని.

మా షాపులో సుత్తిపని చేసే ఆయనది జగిత్యాల దగ్గరి పల్లె. నాకంటే బాగా పెద్దవాడు. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన తమ్మీ అనేవాడు. నేను కాకినాడలో డిప్లొమా చదివి, కొలతలు తీసి డ్రాయింగులు గీసే ఉద్యోగానికి బహ్రెయిన్ వెళ్లాను. తొంభైల మొదట్లో సంగతి. షాపు పైన ఒకే గదిలో ఇద్దరం ఉండేవాళ్లం. వంట ఆయనది, గిన్నెలు నావి.

పక్కింటాయన బహ్రెయినీ, బడిలో పంతులు. ఆయన తల్లి మంచం పట్టి ఉంది. మధ్యాహ్నం ఆమెకు కన్ను మూతపడే సమయానికి మా సుత్తి మొదలయ్యేది. పంతులు రెండుసార్లు తానే వచ్చి మర్యాదగా చెప్పాడు. మా ఫోర్‌మన్ కేరళవాడు. రెండుసార్లూ చాయ్ ఇచ్చి, సరే అని పంపి, పని ఆపలేదు. మూడోసారి పంతులు రాలేదు. బలదియా మనిషి వచ్చాడు. మునిసిపాలిటీని అక్కడ అందరూ బలదియా అనేవారు.

ఆ మనిషి చేతిలో శబ్దం కొలిచే మీటరుంది. ఇంగ్లీషు వచ్చినవాణ్ణి కనుక ఫోర్‌మన్ నన్ను వెంట పంపాడు. పంతులు ఇంటి పెరట్లో, ముసలమ్మ గది కిటికీ దగ్గర, గేటు పక్కన మీటరు పెట్టి చూశాడు. కొలిచే పద్ధతి సరిగ్గా ఉంది, ఎక్కడా తొందరపడలేదు. షాపు లోపలికి మాత్రం రాలేదు. రావాలని ఆయన కాగితంలో లేదు. మధ్యాహ్నం విశ్రాంతి వేళ మెషిన్లు, సుత్తులు ఆపాలి. మిగతా వేళల్లో పక్కింటివైపు చప్పుడు హద్దు దాటకూడదు. ఆయన రాసిచ్చినదంతా అంతే. న్యాయంగానే ఉందని ఫోర్‌మన్‌తో అన్నాను.

ఫోర్‌మన్ కిటికీలకు ఇటుకలు పెట్టించాడు. పని జరుగుతున్నంత సేపూ షట్టరు కిందికి దించి ఉంచమన్నాడు. బయటికి పోలేని చప్పుడు లోపలే తిరుగుతుందని చెప్పి చూశాను. డక్టులకు చుట్టే గ్లాస్ వూల్ గోడలకు లోపలివైపు కడితే అది చప్పుణ్ణి పీల్చుకుంటుందని డ్రాయింగు కూడా గీసిచ్చాను. అది కస్టమరు సామాన్ భాయ్, గోడలకు కట్టేది కాదన్నాడు. బలదియా మనిషి మళ్లీ వచ్చి పెరట్లో కొలిచి, సంతృప్తిగా వెళ్లిపోయాడు. పంతులు మాకు పళ్లెం నిండా ఖర్జూరాలు పంపాడు.

లోపల మాత్రం నేను కొలత టేపు పట్టుకుని ఐదు నిమిషాలు నిలబడలేకపోయేవాణ్ణి. అంకెలు మరిచిపోయేవాణ్ణి. ఫోర్‌మన్ అందరికీ చెవుల్లో పెట్టుకోమని దూది ఇచ్చాడు. అన్న తన వాటా దూది తీసుకెళ్లి గదిలో దేవుడి పటం ముందు వత్తులు చేశాడు. చెవుల్లో పెట్టుకోవేమని అడిగితే మొదట నవ్వాడు.

"నాకెందుకు తమ్మీ. గీ చప్పుడు నాకు సగమే ఇనవడ్తది."

ఎప్పటినుంచని అడిగాను. షట్టరు దించకముందు నుంచే కొంత, దించినంక ఇంకొంత అన్నాడు. అప్పుడు కొన్ని సంగతులు నాకు అర్థమయ్యాయి. వెనక నుంచి పిలిస్తే పలకడు. మాట్లాడేవాళ్ల నోటివైపే చూస్తాడు. ఫోర్‌మన్ ఏమడిగినా హా భాయ్ అంటాడు. ఫోర్‌మన్ అది పొగరనుకునేవాడు.

డాక్టరు దగ్గరికి పోదామన్నాను. ఆయన చుట్టూ చూసి, నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఎవలకు చెప్పకు. దుబాయిల చెవిటోన్ని ఎవడు వెట్టుకుంటడు? రేపే టికెట్ చేతుల వెడ్తరు."

గల్ఫులో ఏ దేశమైనా ఆయన నోట దుబాయే. నేను ఎవరికీ చెప్పలేదు. కానీ దాచడం మా ఇద్దరి చేతుల్లోనే లేదు. దానికి కారణం క్యాసెట్లు.

ఆయనకు రాయడం రాదు. ఫోన్లో మాట అందేది కాదు. ఊరి నుంచి భార్య క్యాసెట్‌లో మాట్లాడి పంపేది, అటువైపు వచ్చే ఎవరో ఒకరు తెచ్చేవారు. ఈయన ఇక్కడ టేప్ రికార్డరు ముందు కూర్చుని జవాబు నింపి పంపేవాడు. ఆయన గల్ఫుకు వచ్చేనాటికి చిన్న కూతురు కడుపులో ఉంది. క్యాసెట్‌లో ఆ పిల్ల ఏడుపు వినిపిస్తే వెనక్కి తిప్పి మళ్లీ పెట్టేవాడు. శుక్రవారం మధ్యాహ్నాలు ఆయనకు అదే పని. నెలనెలా రికార్డరు చప్పుడు పెరుగుతూ పోయింది. బర్రె ఈనిన సంగతి, అత్తగారితో మాటా మాటా వచ్చిన సంగతి మెట్ల దాకా వినపడేవి. జవాబు చెప్పేటప్పుడైతే ఆయన అరిచేవాడు. అరుస్తున్నానని ఆయనకు తెలియదు.

పంతులు మళ్లీ వచ్చాడు. ఈసారి గది గురించి. విశ్రాంతి వేళ మీ గదిలో ప్రతి శుక్రవారం ఎవరో కొట్లాడుకుంటున్నారు, మా అమ్మ భయపడుతోంది అన్నాడు. కొట్లాట కాదు, ఉత్తరం చదువుకుంటున్నాడని చెబుదామనుకున్నాను. అది చెబితే మిగతాది కూడా చెప్పాల్సి వస్తుంది. క్షమించమని ఊరుకున్నాను. ఈ మాట కఫీల్‌కు చేరింది. మా వీసాలన్నీ ఆయన పేరు మీదే. ఇంకోసారి బలదియా వస్తే, ఎవరి మూలంగా వచ్చిందో వాడు ఖలాస్ అని ఫోర్‌మన్ చేత చెప్పి పంపాడు.

నేను మనామా బజారుకు వెళ్లి హెడ్‌ఫోన్ కొన్నాను. గదికి కొన్ని కట్టుబాట్లు పెట్టాను: క్యాసెట్ వినడం హెడ్‌ఫోన్‌తోనే, గిన్నెలు నేల మీద జరపకూడదు, జవాబు నింపేటప్పుడు కిటికీ, తలుపు మూసి దుప్పటి కప్పుకోవాలి. ఆయన అన్నిటికీ తలూపాడు. మరుసటి శుక్రవారం నేను మహూజ్‌లో కొలతలకు వెళ్లాను. తిరిగి వచ్చేసరికి జవాబు నింపి, క్యాసెట్ గుడ్డలో చుట్టి పెట్టి ఉంది. చీమకు కూడా ఇనవడకుంట మాట్లాడిన తమ్మీ అని గొప్పగా చెప్పాడు. ఆయన ఊరివైపు వెళ్లే మనిషి నువైద్రాత్‌లో ఉంటే, ఆ సాయంత్రమే వెళ్లి ఇచ్చి వచ్చాడు.

దానికి జవాబు వచ్చేసరికి చాలా రోజులు పట్టింది. ఆయన హెడ్‌ఫోన్ పెట్టుకుని, చప్పుడు చివరిదాకా తిప్పి, కళ్లు మూసుకుని కూర్చున్నాడు. కాసేపటికి క్యాసెట్ తీసి వెనక్కి తిప్పి చూశాడు. మళ్లీ పెట్టాడు. హెడ్‌ఫోన్ తీసి నా చేతికిచ్చాడు.

"క్యాసెట్ కరాబున్నట్టున్నది. జర చూడు."

క్యాసెట్ బాగానే ఉంది. ఆమె గొంతు స్పష్టంగా ఉంది. పెద్ద చప్పుళ్ల మధ్య పనిచేసేవాళ్లకు మొదట సన్నని శబ్దాలు పోతాయని, లోతైనవి ఆఖరున పోతాయని మాకు డిప్లొమాలో ఒక పాఠం ఉండేది. పరీక్షకు చదివి మరిచిపోయాను. నా గొంతు ఆయనకు ఇంకా అందుతోంది. ఆడవాళ్ల గొంతు, పిల్లల గొంతు అందడం లేదు. చివరిదాకా విన్నాను. ఆపి, హెడ్‌ఫోన్ తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

ఏమన్నదని అడిగాడు. మామూలు గొంతుతో చెబితే అందలేదు. గట్టిగా చెబుదామంటే అది శుక్రవారం, విశ్రాంతి వేళ, గోడ అవతల పంతులు తల్లి. పైగా అవి గదిలో అరిచి చెప్పే మాటలు కావు. షాపు తాళం నా దగ్గరుంది. రమ్మని సైగ చేశాను.

కిందికి వెళ్లి షట్టరు దించి, లైటు వేశాను. బల్లల మీద పూర్తికాని డక్టులున్నాయి. రికార్డరు రేకు మీద పెట్టి, కొంచెం వినడం, ఆపడం, ఆయన చెవి దగ్గర అరవడం. అలా మొదలుపెట్టాను. ఆమె మాటల్ని నా యాసలోకి మార్చకుండా ఉన్నదున్నట్టు చెప్పాను.

"నువ్వు పంపిన క్యాసెట్ల నీ మాటే ఇనవడ్తలేదు. ఊపిరే ఉన్నది. అంతకుముందేమో గంతగనం మొత్తుకుంటివి. మామ చెవులు పోయినంక గట్లనే మొత్తుకుంటుండె. నాకు ఎర్కైంది. నాకు చెప్పకుంటే ఇంకెవలకు చెప్తవు? ఆళ్లు పొమ్మనేదాంక ఉండకు. జరంత ఇనవడుతున్నప్పుడే రా. చిన్నది మాటలు నేర్సింది."

నా గొంతు డక్టుల్లో దూరి తిరిగి వస్తోంది. ఆయన నా నోటివైపే చూస్తున్నాడు.

"ఏం మాట నేర్సిందట?"

క్యాసెట్ చివర తల్లి అనమంటే ఆ పిల్ల ఒకే మాట మూడుసార్లు అంది. మూడోసారి నవ్వింది. మా వైపు నాన్నా అంటాం, నా నోటికి ఆ మాట అలవాటు లేదు.

"బాపూ" అని అరిచాను.

ఆయన చెవి ఇంకా దగ్గరికి తెచ్చాడు. ఇంకోసారి అను అన్నాడు. అన్నాను. మూడోసారి అడిగినప్పుడు, మొదటిసారే వినపడిందని నాకు అర్థమైంది. అయినా అన్నాను.

ఆయన రికార్డరులోంచి ఆ క్యాసెట్ తీసి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత కొత్త క్యాసెట్ ఉందా అని అడిగాడు. పైనుంచి తెచ్చి పెట్టాను. రికార్డరు మీద మాటను బట్టి వెలిగే చిన్న లైట్ల వరస ఉంది. ఆకుపచ్చ వెలిగితే చాలు, ఎర్రది వెలగనక్కర్లేదని వేలితో చూపించాను. ఆయన లైట్లవైపు చూస్తూ మొదలుపెట్టాడు. మొదటి మాట ఆకుపచ్చలోనే ఉంది. పర్మిట్ గడువు ఒడువంగనే వస్త, వీళ్లు చెప్పకముందే నేనే చెప్త అనేసరికి ఎర్రలైటు వెలిగింది, ఆరలేదు. బిడ్డ పేరు పిలిచాడు. రేకులు కంపించాయి. తగ్గించాలా అన్నట్టు నావైపు చూశాడు. అక్కర్లేదని చెయ్యి ఊపాను.

సాయంత్రం నమాజుకు పిలిచే అసర్ అజాన్ అయ్యాక షట్టరు ఎత్తాను. పంతులు మసీదుకు వెళ్తున్నాడు. మమ్మల్ని చూసి ఆగి, సలాం చెప్పి, అమ్మ హాయిగా నిద్రపోయిందని, ఈ రోజు మీరు చాలా నిశ్శబ్దంగా ఉన్నారని అన్నాడు. అన్న ఆయన నోటివైపు చూసి, ఏమన్నాడో తెలియకపోయినా, హా భాయ్ అన్నాడు.