ఆవలి గట్టున అంబులెన్సు

మధ్యాహ్నం భోజనం చేస్తుండగా నాన్నగారి నోరు ఒక పక్కకి వంకరపోయింది. దగ్గరి పెద్దాసుపత్రి గోదావరి అవతల, నరసాపురంలో ఉంది. అంబులెన్సుకి ఫోన్ చేసి, ఆయన్ని ఆటోలో సఖినేటిపల్లి రేవుకి తీసుకెళ్లాను. అంబులెన్సు అప్పటికే ఆవలి గట్టుకొచ్చి ఆగింది. దాని లైటు తిరుగుతూ మాకు కనబడుతూనే ఉంది. మధ్యలో వరద నీరు ఎర్రగా, చప్పుడు లేకుండా పెరుగుతోంది. బళ్లనీ మనుషుల్నీ ఏరు దాటించే పంటు ఇవతలి గట్టున కట్టేసి ఉంది.

"పంటు ఆపేసేరండి. ఈ వరదలో పడవైనా తియ్యలేనండి," అన్నాడు దాన్ని నడిపే సరంగు, నా ముఖం చూడకుండా.

అదే ఆటోలో చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్లాం. దారిలో నాన్నగారు నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయారు. ఒక్క మాటా అర్థం కాలేదు.

"ఇంకాస్త ముందు తీసుకొస్తే బావుండేదండి," అన్నారు డాక్టరుగారు.

నాన్నగారు బతికారు, మాట తిరిగి రాలేదు. ఏటా గోదావరి పెరుగుతోందని వినగానే నేను ముందు ఆయన ముఖం చూస్తాను.