అంకెలు వేయని కళ్లు

కమలమ్మ పోయి ఎనిమిది నెలలైంది. పలకరించడానికి వచ్చేవాళ్లంతా తమ పిల్లల పుట్టుక గురించే చెబుతారు. నా భార్య జమ్మలమడుగు చుట్టూ ఉన్న పల్లెల్లో ముప్పై ఏళ్లు కాన్పులు చేసిన నర్సు, కాబట్టి అది సహజమే. వెళ్తూ వెళ్తూ గోడమీదున్న కుక్క బొమ్మ చూసి, ఎవరు వేశారని అడుగుతారు. ఆమే వేసిందంటే నమ్మరు. జన్మలో ఆమె వేసిన బొమ్మ అదొక్కటే.

కుక్క పేరు బొల్లిగాడు. తెల్లటి ఒళ్లు, దానిమీద గోధుమరంగు మచ్చలు, అదే రంగు చెవులు. కమలమ్మ సంచి భుజాన వేసుకుంటే చాలు, వీధి మలుపు దాకా వెళ్లి అక్కడ నిలబడి వెనక్కి చూసేవాడు. పెద్దముడియం బస్సు కండక్టరు మొదట్లో కసిరాడు గానీ, తర్వాత నర్సమ్మకు ఒక టిక్కెట్టు మీద ఇద్దరు మనుషులని నవ్వి ఊరుకునేవాడు. అవి ఊరూరా రెండు వర్గాలుగా చీలిన రోజులు. ఏ దారిలో ఎవరు కాపు కాస్తున్నారో తెలియదు. ఆమె రెండు వర్గాల ఇళ్లకూ పోయేది. తోడు రమ్మంటే మగవాళ్లే వెనకాడేవాళ్లు. వాడు మాత్రం ఎన్నడూ వెనకాడలేదు.

తొంభై నాలుగులో, ఎన్నికలకు మూడు నెలల ముందు, పెద్దముడియంలో బస్సు దిగి పొలాల దారిన ఒక పల్లెకు పోతున్నారు ఇద్దరూ. పట్టపగలు. కంపచెట్ల కింద ఎవరో దాచిన నాటుబాంబు వాడి కంటబడింది. తాడు చుట్టిన ఉండ. ఆట వస్తువనుకున్నాడేమో, నోట కరుచుకుని ఆమె దగ్గరికి పరుగెత్తాడు. వదలమని ఆమె గొంతు చించుకుని అరిచింది. వాడు వదిలాడు.

ఆమెకు ఎడమ చెవి కాస్త మందగించింది, అంతే. కానీ ఆ రోజు నుంచి పల్లెలకు పోవడం మానేసింది. ఆస్పత్రి లోపలి పని చూసుకుని ఇంటికొచ్చేది. పల్లె నుంచి ఎవరైనా వస్తే ఒంట్లో బాగాలేదని నాతో చెప్పించేది. నొప్పులు పడే మనిషిని ఎద్దులబండి మీద వేసుకుని ఎవరో వస్తున్నారని విన్నప్పుడు అన్నం ముందు నుంచి లేచిపోయేది. నేను సర్దిచెప్పబోతే ఒకటే మాట.

“నా నోటితోనే వాన్ని చంపుకుంటి. వాడు మాట ఇనకపోయుంటే బతికుండేవాడు.”

మా వీధిలో దావూద్ అని బోర్డులు రాసే పెయింటరు ఉండేవాడు. ఎన్నికలొస్తే ప్రొద్దుటూరులో రంగులు కొని, పులివెందుల దాకా పోయి రెండు పార్టీలకూ గోడలు రాసేవాడు. సుద్దతో పార్టీ గుర్తు అంచులు గీసి, గీతల మధ్య అంకెలు వేసి ముందుకు పోయేవాడు. వెనకాల కూలీలు డబ్బామీద అంకె చూసుకుని ఆ చోటు నింపుకుంటూ వచ్చేవాళ్లు. నాయకుల ముఖాలు మాత్రం వేసేవాడు కాదు. ప్రాణమున్న వాటికి కళ్లు పెట్టొద్దని పని నేర్పిన ఉస్తాదు చెప్పాడట. ముఖాలకు వేరే మనిషిని పిలుచుకోమనేవాడు.

అతని ఇద్దరు పిల్లలూ కమలమ్మ చేతుల మీద పుట్టినవాళ్లే. బొల్లిగాడిది మా దగ్గర ఒకే ఒక నలుపు తెలుపు ఫోటో ఉంది. దాన్ని చేతిలో పెట్టి, బొమ్మ వేసి ఇవ్వమని అడిగాను. కాదనలేక, ఔననలేక తీసుకుపోయాడు. మూడో రోజు ఒక చెక్క పలకతో వచ్చాడు. దానిమీద కుక్క గీతలు, గీతల మధ్య ఒకటి నుంచి అయిదు దాకా అంకెలు. అంకెలు వేసిన అయిదు చిన్న డబ్బాలు, రెండు కుంచెలు.

“నేను గీత గీసినా, అంకెలేసినా. బొమ్మేసేది నువ్వే అక్కా. కండ్ల కాడ ఏమీ రాయలేదు. వాడు నిన్ను ఎట్ల సూస్తాండెనో నీకే తెలుసు.”

పదిరోజులు ఆ పలక గోడకు ఆనించే ఉంది. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక చాప పరిచి కూర్చుంది. డాక్టరు చీటీ చూసి మందిచ్చినట్టే అంకె చూసి రంగు పూసేది. ఒక చెవి కాగానే మూడో నంబరు గోధుమరంగు అయిపోయింది. తెమ్మని కబురు పంపితే, దావూద్ కూలీ గోడల లెక్కలో మూడో నంబరు ఇచ్చాడు. అది పసుపు, ఒక పార్టీ రంగు. కింద పసుపు పూసి పైన గోధుమరంగు వేయాలేమోననుకుని ఆమె రెండో చెవి శ్రద్ధగా నింపేసింది. ఎదురింటి సుబ్బరాయుడు రెండో పార్టీ మనిషి. వాకిట్లో ఆరబెట్టిన పలక చూసి నిలబడ్డాడు.

“ఏం నర్సమ్మా, బొల్లిగాడు సగం పార్టీ మారినాడే. నిన్నటిదాకా మావోడు గదా?”

నెలల తర్వాత ఆమె నవ్వు విన్నాను. దావూద్ మాత్రం నవ్వలేదు. ఎన్నికల వేళ ఆ చెవితో ఎవరి కంటబడినా తంటా అంటూ పరుగున వచ్చి పలకను లోపల పెట్టించి, అసలు డబ్బా ఇచ్చిపోయాడు.

బొమ్మ పూర్తయింది, కళ్లు తప్ప. ఆ రెండు చోట్లా చెక్క చెక్కగానే మిగిలింది. కుంచె నల్లరంగులో ముంచేది, మళ్లీ తుడిచేసేది. వాడి ఆఖరి చూపు వేయాల్సి వస్తుందని ఆమె భయం.

ఒక పొద్దున పెద్దముడియం దిక్కు నుంచి ఒకాయన వచ్చాడు. ఆ రోజు పోవాల్సిన పల్లే అది. కోడలికి నెలలు నిండాయని, బిడ్డ అడ్డం తిరిగిందేమోనని మంత్రసాని అంటోందని, ఒక్కసారి వచ్చి చూడమని బతిమాలాడు. కమలమ్మ తనే బయటికొచ్చి రాలేనని చెప్పి పంపింది. దావూద్ భార్య ఖైరున్నీసా అప్పుడు మా ఇంట్లోనే ఉంది. ఆయన పోయాక కళ్లు లేని బొమ్మను చూస్తూ అంది.

“నీ మాట ఇన్నందుకే గదా వదిన్యా నువ్వీడ ఉండావు. మాట ఇన్నోని కండ్లల్లో కోపం యాడుంటాది?”

కమలమ్మ కుంచె కడిగి పెట్టుకుంది. ఆ మధ్యాహ్నమే కళ్లు వేసింది. నేను పాఠాలు చెప్పే బడి నుంచి వచ్చేసరికి బొల్లిగాడు తల కొంచెం ఎత్తి, ఆమె ఇంకో మాట చెబుతుందేమోనని చూస్తున్నాడు. ఒక కన్ను కాస్త పెద్దదైంది. దిద్దుతానని దావూద్ అనలేదు, ఆమె అడగనూ లేదు.

మర్నాడు సంచి భుజాన వేసుకుంది. నేను బడికి సెలవు పెట్టి వెంట వెళ్లాను. పెద్దముడియంలో బస్సు దిగాక, ఆ కంపచెట్లు కనిపించగానే నేను అడుగు పెంచి ముందుకు పోబోయాను. ఆమె నా చొక్కా పట్టుకుని ఆపింది.

“ఎనక రా. దారి నాకు తెలుసు.”