వెనక్కి తీసుకున్న సాక్ష్యం

మా ఆడపడుచు పోయిందని బాపట్ల నుంచి ఫోనొచ్చేసరికి నేను తెనాలిలో పళ్ళసెట్టు కడుక్కుంటున్నాను. నోట్లో పళ్ళు లేకుండానే ఏడ్చాను. ఆమె చూసి ఉంటే, ముందు పళ్ళు పెట్టుకుని ఏడవమనేది.

బాపట్లలో కాలేజీ పిల్లలకు ఫిజిక్సు చెప్పేది. పెళ్ళి మాటెత్తితే తీరిక లేదనేది, అదేదో పన్ను పీకించుకోవడం అన్నట్టు. తొంభైల్లో, నలభై దాటాక, పీహెచ్‌డీలో చేరింది. గాజుపలక మీద సన్నటి జింకు ఆక్సైడు పొర వేసి, అందులోంచి కాంతి పంపి, ఏ రంగు ఎంత దాటిందో గీతగా గీయడం ఆమె పని. ఆ గీతలో పొర చెప్పే మాటా ఉంటుంది, మెషిన్ గోలా ఉంటుంది. రెండింటినీ విడదీయడానికి అప్పుడప్పుడే మన వైపు కాలేజీలకు చేరిన వేవ్‌లెట్ పద్ధతి పట్టుకుంది. నేను లెక్కల టీచర్ని గనక వినడం నా వంతు.

"చర్చి కోయిర్‌లో ఎవరో అపస్వరం తీశారంటే ఏం లాభం వదినా? ఏ చరణంలో తీశారో తెలియాలి. పాత లెక్క మొదటిదే చెప్తుంది. ఇది రెండోదీ చెప్తుంది."

నా గొంతు గురించేనా అని అడిగాను. నాది అన్ని చరణాల్లోనూ ఉంటుందని, దానికి పాత లెక్కే చాలని అంది.

ఒక శనివారం తెనాలి స్టేషన్లో రేపల్లె బండి కోసం కూర్చున్నప్పుడు కాగితం విప్పి చూపించింది. గీతకు ఊదారంగు చివర చిన్న గుట్ట. ఆ పొరలో ఇంతవరకు ఎవరూ చూడని గుణం ఉందని దానర్థమట. ఆమె డిగ్రీ మొత్తం ఆ గుట్ట మీదే నిలబడింది.

రేపల్లెలో మా అత్తగారికి గుట్టతో పనిలేదు. కూతురు డాక్టరవుతోంది, అంతే. పట్టా రాకముందే ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టించారు. ప్రార్థన అయింది, శాలువా కప్పారు, పేటంతా కోడి పలావు తిన్నారు. మా సంఘంలో మేలు పొందినవాళ్ళు ఆదివారం చర్చిలో లేచి సాక్ష్యం చెప్పాలి. ఆమె కూడా చెప్పింది.

వానాకాలంలో ఎందుకో ఆ గీతను చివర కొంచెం కత్తిరించి మళ్ళీ లెక్క వేసింది. గుట్ట కత్తిరించిన చోటికి జరిగింది. ఇంకొంచెం కత్తిరిస్తే అక్కడికీ వచ్చింది. కొలతలు అయిపోయిన చోట ఆ పద్ధతికి పట్టుకోవడానికేమీ ఉండదు. అవతల ఉన్నవన్నీ సున్నాలనుకుని తానే గుట్ట లేపుతుంది. పొరలో కొత్త గుణమేమీ లేదు.

ఆ తర్వాతి ఆదివారం ఆమె మళ్ళీ సాక్ష్యానికి లేచింది. పట్టా వచ్చిందనుకుని మా అత్తగారు కొంగు సర్దుకున్నారు.

"పోయినసారి నేను దేనికోసం వందనాలు చెప్పానో, అది లేదండి. నేనే సరిగ్గా చూడలేదు. మీరంతా నాకోసం ప్రార్థన చేశారు, భోంచేశారు. చెప్పకపోతే బాగుండదని లేచాను."

ఎవరూ ఆమెన్ అనలేదు. పాస్టరుగారు పాటల పుస్తకం అటూ ఇటూ తిరగేశారు. అలాంటి సాక్ష్యానికి కీర్తన ఎవరు రాసి పెడతారు? నేను చాప అంచు చూస్తూ కూర్చున్నాను. బయటికొచ్చాక ఒకావిడ, అయితే ఆ పలావు దేనికమ్మా అని నన్నే అడిగింది. ఆకలికండి, అన్నాను. చెవులు మాత్రం కాలిపోయాయి.

తిరుగు బండిలో వేమూరు దాటాక నా వైపు తిరిగింది.

"నీకూ సిగ్గేసిందా వదినా?"

"వేసింది."

"నాకింకా తగ్గలేదు," అని కిటికీ వైపు తిరిగింది.

గడువు దాటిపోయింది. డిగ్రీ రాలేదు. పిల్లలకు మాత్రం ఏ గీత చూపించినా "చివర్లు నమ్మకండి" అని మొదలుపెట్టేదట.

మొన్న రేపల్లె సమాధుల తోటకు మా మరిది కొడుకు సిలువ చేయించి తెచ్చాడు. మేనత్త మీద ప్రేమతో, పేరుకు ముందు డాక్టర్ అని రాయించాడు. రంగింకా ఆరలేదు. అందరూ గోతిలో వేయడానికి మట్టి తీసుకుంటున్నారు. మనవలున్న దాన్ని, ముందుకెళ్ళి కొంగుతో ఆ మాట తుడిచాను.

"ఏంటి పెద్దమ్మా, అందరూ చూస్తున్నారు."

"అది రాలేదురా ఆమెకి," అన్నాను, వెనకవాళ్ళకు వినపడేలా. తల మాత్రం ఎత్తలేకపోయాను.

నల్లరంగు అంటిన కొంగు ఒక చేత్తో గుప్పిట పట్టుకుని, రెండో చేత్తో మట్టి వేశాను.