పరుపులమ్మ కుర్చీ

పరుపులు కుట్టే ఆమెను అందరూ పరుపులమ్మ అనేవారు. జానెడు సూదితో ఆమె వేసిన కుట్ల మీద వేలు పెట్టి చూస్తే, ఎక్కడా ఎత్తుపల్లాలు తగిలేవి కావు. భర్త పోయాక కొడుకు ఇంట్లో, కోడలి నోటికి భయపడుతూ బతికింది.

సాయంత్రాలు మాత్రం గ్రంథాలయం వెనక గదికి వెళ్లేది. పెద్దలకు అక్షరాలు నేర్పే సంస్థ పంతులమ్మను పంపితే, గ్రంథాలయం గదినీ పుస్తకాలనూ ఇచ్చింది. చదవడం వచ్చిందని తేలినవాళ్లు కుర్చీ ఖాళీ చేయాలి. ఆ తర్వాత పుస్తకం ముట్టుకోవాలంటే సభ్యత్వం ఉండాలి, దానికి ఇంటి యజమాని పూచీపడాలి.

కొడుకును అడిగింది.

"ఈ వయసులో నీకు పుస్తకాలెందుకమ్మా? పోగొడితే నా మెడకు చుట్టుకుంటుంది."

లోపల్నుంచి కోడలు అందుకుంది. "అడ్డుపడకండి, అత్తయ్య జడ్జీ అవుతారేమో!"

అప్పటికే ఆమెకు చదవడం బాగా వచ్చేసింది. పాఠం అయ్యాక లావుపాటి నవల తీసి, గది మూసేదాకా చదివేది. కుర్చీ పోతే అదీ పోతుంది.

ఇంతలో పరీక్షించడానికి సంస్థ అధికారి వస్తున్నాడన్నారు.

పరుపులు కుట్టేవాళ్లలో ఒక పాడు అలవాటుంది. కొందరు చివరి కుట్టు కావాలనే వదులుగా వేస్తారు. అది ఊడితే ఇంటివాళ్లు మళ్లీ పిలుస్తారు. తన పనిలో ఆమె ఎన్నడూ అలా చేయలేదు. చదువులో చేసింది.

అధికారి పుస్తకం తెరిచి ముందు పెట్టాడు. ఆమె రెండు మాటలు కూడబలుక్కుని చదివి ఆగిపోయింది.

"ఆ తర్వాత?"

"రావట్లేదయ్యా."

మిగతావాళ్లు నిజంగానే కొత్తవాళ్లు. ఒక్కరైనా చదివి చూపకపోతే తరగతి ఉండదని పంతులమ్మకే తెలుసు, ఆమె ఆశంతా ఈమె మీదే. "నిన్న గడగడా చదివిందండీ," అంది.

"మమ్మల్ని చూడగానే మర్చిపోయిందా? అంత భయంకరంగా ఉన్నామా?" అని అధికారి నవ్వాడు. గ్రంథాలయాధికారి కూడా నవ్వాడు. విరిగిన బల్లలు పడేసుకోవడానికి ఆయనకు ఆ గది ఎప్పట్నుంచో కావాలి.

వారం తిరక్కుండా తరగతి ఎత్తేశారు. పంతులమ్మ ఉద్యోగం ఊడింది. ఆమె సుద్దముక్కలు సర్దుకుంటుంటే పరుపులమ్మ వచ్చి, నవల తెరిచి ఒక పేజీ ఎక్కడా ఆగకుండా చదివింది. పంతులమ్మ చివరిదాకా విన్నది.

"తప్పు ఒక్కటీ లేదు. అంటే ఆ రోజూ వచ్చన్నమాట."

"కుర్చీ పోతుందని, అమ్మా..."

"పోయిందిగా. మీదీ, నాదీ. ఇలా ఇవ్వండి."

పుస్తకం లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేసింది.

ఇంటికి రాగానే కోడలు అడిగింది. "ఏం అత్తయ్యా, అప్పుడే వచ్చారు? బళ్లోంచి తీసేశారా?"

"తీసేశారు."

"చదువు రాలేదనా?"

ఉన్నది చెబితే, తన చేతులతో పంతులమ్మ పొట్ట కొట్టానని కూడా చెప్పుకోవాలి. పరుపులమ్మ అవునంది.

ఆమె పోయేదాకా ఆ ఇంటికి వచ్చిన ప్రతి కాగితాన్నీ కోడలే చదివి వినిపించింది, పసిపిల్లలకు చెప్పినట్టు, ఒక్కో మాటా విడదీసి.